బౌంటీలో కొబ్బరికాయలు, మా ఓడలో కోడిగుడ్లు

ప్రశ్న: 1962లో వచ్చిన ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’ సినిమాలో చూపించినట్టు కెప్టెన్ బ్లై నిజంగా అంత క్రూరుడా? 1789లో బ్రిటిష్ నౌకాదళం ఓడ బౌంటీలో ఆ తిరుగుబాటు అసలెందుకు జరిగింది?

కొరడా విషయంలో కాదు. నోటి విషయంలో అవును.

తొందరలో ఉన్నవాళ్ళకి ఈ ముక్క చాలు. తీరిక ఉన్నవాళ్ళు కింద చదవండి. నేను చరిత్రకారుణ్ణి కాదు. 1983లో మెస్‌మ్యాన్‌గా సరుకు ఓడ ఎక్కి, 2012లో చీఫ్ కుక్‌గా దిగినవాణ్ణి. పాత ఖలాసీల భాషలో భండారీని. కెప్టెన్లు ఓడ నడిపే బ్రిడ్జి మీంచి చూసి చెప్తారు, నేను గ్యాలీ (ఓడ వంటగది) కిటికీలోంచి చూసి చెప్తాను. ఓడలో ఎవరికి కడుపు మండుతోందో ముందుగా తెలిసేది వంటవాడికే.

ఆ సినిమా మొదటిసారి 1986లో, నా రెండో ఓడ మెస్ రూంలో చూశాను. వీసీఆర్‌లో రెండు క్యాసెట్లు. రెండో క్యాసెట్ టేపు నలిగిపోవడంతో తిరుగుబాటు అయ్యాక ఏమైందో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. నష్టమేం లేదు, ఆ సినిమాకి ప్రాణమంతా మొదటి క్యాసెట్‌లోనే ఉంది. మూడు గంటల సినిమా. బ్లైగా ట్రెవర్ హోవార్డ్, తిరుగుబాటు నడిపిన ఆఫీసర్ ఫ్లెచర్ క్రిస్టియన్‌గా మార్లన్ బ్రాండో. అందరూ బ్రాండో గురించే మాట్లాడతారు గానీ, నిలబడే తీరులో, పెదవి బిగించే తీరులో హోవార్డ్ నాకు తెలిసిన ముగ్గురు కెప్టెన్లని గుర్తుచేశాడు. అంతకుముందు 1935లో ఇదే కథ చార్లెస్ లాటన్, క్లార్క్ గేబుల్‌లతో వచ్చింది, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా కొట్టింది. అందులో లాటన్ బ్లై మనిషి కాదు, రాక్షసుడు. జనం మనసులో పాతుకుపోయింది ఆ బ్లైనే.

1962 సినిమాలో గొడవ ముదిరేది నీళ్ళ దగ్గర. ఉప్పునీళ్ళు తాగి చావుబతుకుల్లో ఉన్న నావికుడికి క్రిస్టియన్ గరిటెడు మంచినీళ్ళు పట్టబోతాడు. ఓడనిండా ఉన్న మొక్కలకే నీళ్ళు చాలడం లేదు, మనుషులకివ్వొద్దన్న బ్లై ఆ గరిటెని కాలితో తంతాడు. క్రిస్టియన్ చెయ్యి లేస్తుంది. మా మెస్ రూంలో ఈలలే ఈలలు. నేనూ వేశాను.

కానీ అసలు గొడవ నీళ్ళది కాదు. కొబ్బరికాయలది.

1789 ఏప్రిల్ 27. బౌంటీ తాహితీ దీవి వదిలి మూడు వారాలైంది. లోపల వెయ్యికి పైగా సీమపనస మొక్కలు. కరీబియన్ చెరకు తోటల్లో బానిసలకి చవగ్గా తిండి దొరుకుతుందని వాటిని అక్కడికి మోసుకెళ్ళడమే ఆ ప్రయాణం పని. (సినిమా ఈ సంగతి మీంచి జారిపోతుంది. మొక్కలంటే పచ్చదనం కదా, చూడ్డానికి బాగుంటుంది. అవి ఎవరి నోట్లోకి, ఎందుకు అన్నది ఎవరికి కావాలి?) డెక్ మీద ఫిరంగుల మధ్య కుప్పపోసిన కొబ్బరికాయలు రాత్రికి రాత్రి తగ్గినట్టు బ్లైకి అనిపించింది. ఆఫీసర్లని వరసగా నిలబెట్టి, నువ్వెన్ని కొన్నావు, నువ్వెన్ని తిన్నావు అని ఒక్కొక్కణ్ణే లెక్క అడిగాడు. క్రిస్టియన్‌ని దొంగ అన్నాడు. ఆఫీసర్లందర్నీ దొంగలన్నాడు. రోజూ ఇచ్చే పెండలం దుంపలు సగానికి కోసేస్తానన్నాడు.

తమాషా ఏంటంటే, ఆ సాయంత్రమే క్రిస్టియన్‌ని తనతో భోంచెయ్యమని కబురు పెట్టాడు. మధ్యాహ్నం అన్న మాట ఆయనకి సాయంత్రానికి గుర్తులేదు. అనిపించుకున్నవాడికి గుర్తుండదా? ఒంట్లో బాలేదని క్రిస్టియన్ వెళ్ళలేదు. మర్నాడు తెల్లారకముందే, టోంగా దీవుల దగ్గర, బ్లైని రాత్రి చొక్కా మీదే చేతులు వెనక్కి కట్టి డెక్ మీదికి తీసుకొచ్చారు.

సినిమా తీసినవాళ్ళు కొబ్బరికాయల్ని నీళ్ళగరిటెగా ఎందుకు మార్చారో నాకర్థమవుతుంది. కొబ్బరికాయలకోసం ఓడని ఎత్తుకుపోయారంటే టిక్కెట్ కొన్నవాడు నవ్వుతాడు. నేను నవ్వను. ఎందుకో చెప్తాను.

1993. మాది బ్యాంకాక్‌లో బియ్యం బస్తాలు ఎక్కించుకుని పశ్చిమాఫ్రికా వెళ్ళిన ఓడ. రేవు బయట నలభై ఒక్క రోజులు లంగరేసి కూర్చున్నాం. కింద పద్నాలుగు వేల టన్నుల బియ్యం, పైన తినడానికి కూరల్లేవు. ఓడ నడుస్తుంటే ఇంజన్ వేడితో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసుకుంటాం. లంగరేస్తే ఇంజన్ ఆగుతుంది, నీళ్ళూ ఆగుతాయి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట కుళాయి. ఈ మధ్య ఓడ జీవితమంటూ స్విమ్మింగ్ పూల్ రీల్స్ పెట్టే కుర్రాళ్ళు, వాటిని చూపించి పిల్లల తల్లిదండ్రుల దగ్గర లక్షలు గుంజే ఏజెంట్లు ఆ నలభై ఒక్క రోజుల్లో ఒక్కరోజు ఉండుంటే బాగుండేది. సరే, అది వేరే కడుపుమంట.

మా కెప్టెన్ చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, గాలివానలో ఓడని నడపడంలో అంతటివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. కానీ ప్రొవిజన్ స్టోర్ తాళంచెవి తన మొలకి కట్టుకుని తిరిగేవాడు. మనిషికి రోజుకింత అని కంపెనీ తిండిఖర్చు ఇస్తుంది, మిగిలిస్తే పై ఆఫీసులో మంచిపేరు. బ్లై కూడా అంతే. బౌంటీలో సరుకుల లెక్క చూసే పర్సర్ వేరే లేడు, కెప్టెనే పర్సర్. పర్సరంటే ఆ రోజుల్లో మిగిలించుకున్నదే ఆదాయం. ఒకే మనిషికి ఓడ చక్రమూ తక్కెడా రెండూ ఇస్తే ఆ ఓడ బాగుపడదు. ఇది నా సిద్ధాంతం, ఎవరొచ్చి వాదించినా మార్చుకోను.

అసలు సంగతికొస్తాను. ముప్పయ్యో రోజు ప్రాంతంలో కోల్డ్ రూం కంప్రెసర్ ఒకటిన్నర రోజు ఆగిపోయింది. థర్డ్ ఇంజనీరు బాగుచేశాడు గానీ, ఈలోపు గుడ్లకి ఎండ తగిలినంత పనైంది. బ్యాంకాక్‌లో ఎక్కించిన గుడ్లు, అప్పటికే రెండు నెలలవి. బకెట్ నీళ్ళలో ఒక్కొక్కటే వేశాను. మునిగింది మంచిది, తేలింది పాడైంది. ఒక ట్రే, ముప్పై గుడ్లు, తేలిపోయాయి.

కెప్టెన్ తర్వాతి ఆఫీసర్ చీఫ్ మేట్‌కి చెప్పి పుస్తకంలో ‘పాడైనవి’ అని రాయించాలి. అదీ పద్ధతి. కానీ అంతకు వారం ముందు కుళ్ళిన బంగాళాదుంపలు రాయిస్తే, నీ జీతంలో కోస్తానని కెప్టెన్ అందరిముందూ అరిచాడు. నాకు ఆ ఏడే పెళ్ళయింది. రాత్రి పదింటికి ట్రేని సంచిలో చుట్టి, ఓడ వెనక పూప్ డెక్ మీదికి వెళ్ళి సముద్రంలో పారేశాను. లంగరు మీద ఉన్నప్పుడు ఉల్లిపొట్టు కూడా నీళ్ళలో వెయ్యకూడదు, అదొక తప్పు. పుస్తకంలో రాయకపోవడం ఇంకో తప్పు. రెండూ ముప్పై సెకన్లలో చేసేశాను.

రెండ్రోజుల తర్వాత కెప్టెన్ గుడ్లు లెక్కపెట్టాడు. స్టోర్ రూం చలిలో, స్వెట్టరేసుకుని, చిన్న నోట్‌బుక్కుతో, ఒక్కొక్క గుడ్డునీ వేలితో తాకుతూ. బయటికొచ్చి నా మొహంలోకి చూశాడు.

“ముప్పై గుడ్లు, భండారీ. పిల్లలై ఎగిరిపోయాయా?”

నేను తలొంచుకున్నాను. నాకు తెలీదు సాబ్ అన్నాను. తెలీదు అన్న ఆ ఒక్క ముక్కా అనకుండా ఉంటే తర్వాతిది జరిగేది కాదు.

రాత్రి వాచ్ (కాపలా) వాళ్ళకోసం గ్యాలీలో ట్రేలో ఏదో ఒకటి పెట్టి వెళ్తాను, రొట్టె, రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక ఉల్లిపాయ. కెప్టెన్ అనుమానం వాళ్ళ మీదికి పోయింది. డెక్ సిబ్బంది కేబిన్లు వెతికిస్తానన్నాడు. వెతికించడం కాదు, తనే వెతికాడు. డెక్ సిబ్బందికి పెద్దయిన బోసన్ కేబిన్‌తో మొదలుపెట్టాడు.

బోసన్ రత్నగిరి వైపు మనిషి, యాభై దాటినవాడు. ఓడెక్కి ముప్పై ఏళ్ళు. నిజంగా సరంగు అని పిలవదగ్గ మనిషి. మా అందరికీ చాచా. మేం నడవాలో నిలబడి ఉన్నాం, తలుపు బార్లా తీసి ఉంది. కెప్టెన్ బీరువా తెరిచి ఒక్కొక్కటే బయటికి తీస్తున్నాడు. నమాజు చాప. ఒక జత కొత్త బూట్లు. బ్యాంకాక్‌లో కొన్న పట్టుబట్ట, కూతురి నిఖాకి. ఎరుపు మీద సన్నటి జరీ. గుడ్లు దాని మడతల్లో దాచాడేమోనన్నట్టు కెప్టెన్ ఆ బట్టని మడత మడతా విప్పాడు. చాచా చేతులు వెనక్కి పెట్టుకుని, పోర్ట్‌హోల్‌లోంచి బయటికి చూస్తున్నాడు. గుడ్లు దొరకలేదు. కెప్టెన్ ఆ బట్టని అలాగే మంచమ్మీద వదిలేసి, బయటికొస్తూ మాలో ఎవరివైపూ చూడకుండా ఒక్కమాటన్నాడు. “సబ్ చోర్.”

అంతే. ఎవర్నీ కొట్టలేదు. ఎవరి జీతమూ కొయ్యలేదు.

సాయంత్రం మెస్‌కి ఒక కేసు కూల్‌డ్రింకులు పంపించాడు, కెప్టెన్ ఖాతాలో. ఎవరూ ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున నేను ఉప్మా చేసి పెడితే, పదకొండుమందీ వచ్చి కూర్చుని కంచాలు బోర్లించారు. డెక్ మీద తుప్పు గోకే సుత్తుల చప్పుడు లేదు. ఓడ మీద అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. కెప్టెన్ దిగొచ్చి ఎవడ్రా ఎగదోసింది అని అడిగాడు. ఎవరూ ఎగదొయ్యలేదు, అదే నిజం. చీఫ్ మేట్ కుర్రాడు, తెలివైనవాడు, ఆయన్ని మెల్లగా పైకి తీసుకెళ్ళి, తిరిగొచ్చి మా మధ్య కూర్చుని తన కంచం కూడా బోర్లించాడు. మధ్యాహ్నానికి పనిలోకి దిగారు. అక్కణ్ణించి చెప్పింది చేసేవారు, చెప్పనిది చేసేవారు కాదు. తాడు తెగబోతోందని కనిపించినా నోరు విప్పేవారు కాదు. ఓడంటే తెలిసినవాళ్ళకి ఇది కత్తి పట్టుకోవడంకన్నా ఎంత భయమో తెలుసు. పదోరోజు రేవులో చోటు దొరికింది, బస్తాలు దింపుకోవడంలో అందరూ ఆ గొడవ మర్చిపోయినట్టు నటించారు.

అందుకే బౌంటీ అంటే నాకు గరిటె గుర్తురాదు, ఆ పట్టుబట్ట గుర్తొస్తుంది. ఆ రోజుల్లో కొరడా మామూలు విషయం. బ్లై కొట్టించిన దెబ్బలు సాటి కెప్టెన్లకంటే తక్కువేనని లెక్కలు తీసినవాళ్ళు తేల్చారు. సినిమా మొదట్లో జున్ను (చీజ్) దొంగతనం కెప్టెన్‌దేనన్న నావికుడు మిల్స్‌ని కొరడాతో చీల్చి చెండాడతారే, అసలు బౌంటీలో అదే మాటన్నది పీపాల పనివాడు. వాణ్ణి కొట్టలేదు, కొడతానని బెదిరించి, లోటు పూడేదాకా జున్ను వాటా ఆపేశారంతే. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో నౌకాదళ శిక్షణ కేంద్రం తల్వార్ నావికులు పని మానేసింది దేనికి? పనికిరాని తిండికి, పై అధికారి బూతులకి. అది మా విశాఖదాకా పాకింది. 1905లో రష్యా యుద్ధనౌక పొటెంకిన్‌లో పురుగులు పట్టిన మాంసం. ఎక్కడైనా ముందు తిండి, వెంటనే మాట. దెబ్బలు తర్వాత.

బ్లైకి అన్యాయం చెయ్యను, రెండోవైపూ చెప్తాను. ఆయన్నీ మరో పద్ధెనిమిదిమందినీ ఇరవైమూడడుగుల పడవలో తోసేశారు. మన సిటీ బస్సు దానికంటే పొడుగు. పడవ అంచు నీటికి జానెడు పైన కూడా లేదు. దగ్గర్లోని టొఫువా దీవిలో దిగితే అక్కడివాళ్ళు రాళ్ళతో ఒకణ్ణి చంపేశారు. మిగిలినవాళ్ళని పటం లేకుండా, మూడువేల ఆరువందల నాటికల్ మైళ్ళు, జూన్ 14కి తిమోర్ చేర్చాడు, దారిలో ఇంకొక్క ప్రాణం పోకుండా. ఎలా? తిండి తూచి. రెండు కొబ్బరిచిప్పలతో త్రాసు చేసి, తుపాకీగుండు తూకంరాయిగా పెట్టి, ఆ గుండంత బరువు రొట్టె పెట్టేవాడు. పక్షి చిక్కితే ముక్కలు కోసి, ఒకడు అటు తిరిగి నిలబడితే, ఇంకొకడు ముక్క చూపించి “ఇదెవరికి?” అనేవాడు, తిరిగినవాడు ఒక పేరు చెప్పేవాడు. కెప్టెన్‌కి కాళ్ళొచ్చినా కాళ్ళే. కొబ్బరికాయల లెక్కతో ఓడ పోగొట్టుకున్నవాడే కొబ్బరిచిప్పల తూకంతో మనుషుల్ని బతికించాడు! ఈ పడవ ప్రయాణం మీద మూడు గంటల సినిమా తీసుండాల్సింది. బ్రాండోకి అందులో వేషం ఉండదు కాబట్టి తియ్యలేదు.

ఇంతా చేసి బ్లై నోరు మాత్రం బాగుపడలేదు. 1808లో ఆస్ట్రేలియాలో గవర్నరుగా ఉన్నప్పుడు సొంత సైనికులే మళ్ళీ దింపేశారు. క్రిస్టియన్ మనుషులేమో పిట్కెయిర్న్ దీవి చేరి, 1790 జనవరిలో ఓడని తగలబెట్టి, తర్వాత వెంట తెచ్చుకున్న తాహితీవాళ్ళతోనూ తమలో తామూ కొట్లాడి చంపుకున్నారు. 1808లో ఒక అమెరికన్ ఓడ అటు వెళ్ళేసరికి తిరుగుబాటుదారుల్లో మిగిలింది ఒక్కడే. సినిమాలో క్రిస్టియన్ తగలబడే ఓడలోకి, సముద్రంలో ఓడ ఉన్నచోటు లెక్కగట్టే సెక్స్‌టెంట్ కోసం దూకి, కాలిపోయి చచ్చిపోయేదంతా కల్పన. సినిమాకోసం కెనడాలో కట్టించిన ఆ ఓడ మాత్రం నిజంగానే బతికి, 2012 అక్టోబరులో శాండీ తుపానులో మునిగిపోయింది. నేను ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన ఏడాది. టీవీలో నీళ్ళమధ్య దాని తెరచాప కొయ్యలు చూస్తూ మా ఆవిడకి గుడ్ల కథ మొదటిసారి చెప్పాను.

బౌంటీలో ఆ కొబ్బరికాయలు తిన్నదెవరో మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. వంటవాణ్ణి కదా, నాకు కావాల్సింది అదొక్కటే. వాడు ఆ పొద్దున క్రిస్టియన్‌తో ఓడలో ఉండిపోయాడా, బ్లైతో పడవెక్కి గుండంత రొట్టె తిన్నాడా?

మా చాచా సంగతి చెప్పి ఆపేస్తాను. ఆఫ్రికా తర్వాతి రేవులో ఆయన సైన్ ఆఫ్ అయ్యాడు, అంటే ఓడ పని ముగించుకుని దిగిపోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టె గ్యాంగ్‌వే (ఓడ దిగే మెట్లు) దగ్గర పెట్టి, టీకోసం గ్యాలీలోకి వచ్చాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. గ్లాసు చేతికిచ్చి, చాచా అన్నాను. అంతకుమించి గొంతు పెగల్లేదు.

ఆయన టీ ఊదుకుంటూ, నావైపు చూడకుండానే అన్నాడు. “చూడు భండారీ, లంగరు మీద ఉన్న ఓడ ఆటుపోటుకి చుట్టూ తిరుగుతుంది. వెనక పారేసింది తెల్లారేసరికి గ్యాంగ్‌వే కిందికొస్తుంది. ముప్పైనీ బోట్ హుక్కుతో ఒక్కొక్కటే పగలగొట్టి ముంచేసరికి నా నడుం పడిపోయింది. తేలే గుడ్లు పారేసేటప్పుడు సంచిలో రాయి వెయ్యాలి బేటా.”

టీ తాగి, గ్లాసు తనే కడిగి, బోర్లించి వెళ్ళాడు.